అచ్చులు లేని మాటలు

కరోనా వచ్చిన ఏడాది ఎండాకాలంలో, దోహాలో నేను పనిచేసే రిహాబిలిటేషన్ వార్డుకి ఒక అల్బేనియా దేశస్థుణ్ణి తీసుకొచ్చారు. యాభై దాటిన మనిషి. వరల్డ్ కప్ కోసం కడుతున్న ఒక స్టేడియం పైకప్పు పనిలో సూపర్‌వైజరు. సైట్ ఆఫీసులో కాఫీ కలుపుకుంటూ కుప్పకూలాడట. స్ట్రోకు. మెదడులో ఎడమ పక్క దెబ్బతింది. కుడిచెయ్యి, కుడికాలు చచ్చుబడ్డాయి. మాట పూర్తిగా పడిపోయింది. పెద్దాసుపత్రిలో ప్రాణగండం గడిచాక, లేపి నడిపించమని మా దగ్గరికి పంపారు.

నేను ఫిజియోథెరపిస్టుని. మాది రాజమండ్రి. దోహాలో మదీనత్ ఖలీఫా అనే పేటలో ఒక విల్లాని ముక్కలుగా విడగొట్టి అద్దెకిస్తే, అందులో ఒక ముక్కలో నేనూ మా ఆయనా ఉండేవాళ్ళం. మా ఆయన ఉద్యోగం దూరంగా, చమురు బావులున్న దుఖాన్‌లో. రాకపోకలు తగ్గించడానికని ఆ నెలల్లో కంపెనీ వాళ్ళు స్టాఫ్‌ని అక్కడి క్వార్టర్స్‌లోనే ఉంచేశారు. ఇంట్లో నేనొక్కదాన్నే. పొద్దున్నే మాస్కు తగిలించుకుని వార్డుకి వెళ్ళడం, సాయంత్రం వచ్చి స్నానం చేసి, వండుకోబుద్ధి కాక పెరుగన్నం తిని పడుకోవడం, అంతే.

స్టేడియాలూ మెట్రో లైన్లూ రోడ్లూ అన్నీ ఒక్కసారే లేస్తున్న రోజులవి. మా వార్డు నిండా సైట్ల మనుషులే. నడుములు విరిగినవాళ్ళు, కాళ్ళు విరిగినవాళ్ళు. మలయాళం, హిందీ, ఉర్దూ, నేపాలీ, టగాలోగ్, అరబీ, ఏ భాష కావాలంటే ఆ భాష తెలిసిన నర్సో ఆయానో దొరికేది. అల్బేనియన్ తెలిసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఫోన్లో అనువాదం చేసే సర్వీసు వాళ్ళని అడిగితే ఇటాలియన్ ఆవిణ్ణి కలిపారు. ఈయన ఇటలీలో చాలాకాలం పనిచేశాడు, అర్థమయ్యే ఉంటుంది. కానీ ఆ గొంతు వినగానే మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు.

ఆయన గదిలో రెండో మంచం మీద జగిత్యాల వైపు నుంచి వచ్చిన అన్న ఉండేవాడు. బిర్కత్ అల్ అవామిర్‌లో లేబర్ క్యాంపు, అక్కడే ఒక గోడౌన్‌లో పని. వెనక్కి వస్తున్న లారీ తగిలి తుంటి ఎముక విరిగింది. నేను తెలుగుదాన్నని తెలిసిన రోజు, "మేడం, మీరు మాట్లాడుతుంటే టీవీల వార్తలు చదివినట్టున్నది" అని నవ్వాడు. ఆ తర్వాత ఆ గదిలోకి వెళ్ళినప్పుడల్లా ఆయనే ముందు పలకరించేవాడు. పక్క మంచం ఆయన సంగతి కూడా ఆయనే చెప్పేవాడు.

"మీ సారు పొద్దుగాల సంది ఏం తినలే మేడం. పాలు పెడితే పక్కకు నూకిండు. బిడ్డ ఫోన్ చేస్తే ఎత్తిండు గని, చూసి ఏడ్చిండు. ఫోన్ బోర్ల పెట్టిండు."

బిడ్డంటే అల్బేనియా ఆయన కూతురు. టిరానాలో ఒక మందుల షాపులో పనిచేస్తోంది. ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది. విమానాలు ఆగిపోవడంతో ఆమె రాలేకపోయింది, ఈయన వెళ్ళలేకపోయాడు. మొదట్లో రోజూ వీడియో కాల్ చేసేది. కూతురి మొహం కనపడగానే ఆయన నోరు తెరిచేవాడు, ఏదో ఒక శబ్దం వచ్చేది, అది తను అనుకున్న మాట కాదని ఆయనకే తెలిసేది. కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఎడంచేత్తో ఫోన్ బోర్లించేసేవాడు. చివరికి ఆమె కాల్స్ మానేసి వార్డు నంబరుకి ఫోన్ చేసి నాతోనో నర్సులతోనో మాట్లాడేది. "ఇవాళ కూర్చున్నారా? తిన్నారా?" అని అడిగేది.

మా స్పీచ్ థెరపిస్టు లెబనాన్ ఆవిడ, మంచి మనిషి. బొమ్మలున్న అట్ట తెచ్చింది. నీళ్ళు, మందు, బాత్రూం, నొప్పి అని బొమ్మలు. ఈయన దాన్ని చూడడానికి కూడా ఒప్పుకోలేదు. "ఇవాళ ఏ వారం? మీరెక్కడున్నారు?" అని, సైట్ల మీద విన్న కాస్త ఇంగ్లీషు అందుతుందేమోనని ఇంగ్లీషులోనే నెమ్మదిగా అడిగితే, కాసేపు ఆవిడ మొహంలోకి చూసి, ఫోన్ తీసుకుని ఎడమ బొటనవేలితో ఏదో కొట్టి ఆవిడ ముందు పెట్టాడు. తెరమీద మూడే అక్షరాలు. sdi.

ఆవిడ నాకు చూపించింది. ఎవరి పేరు పొడి అక్షరాలో అనుకున్నాం. అనువాదం యాప్‌లో అల్బేనియన్ అని పెట్టి వేస్తే అవే మూడు అక్షరాలు తిరిగి ఇచ్చింది. ఇంకోరోజు nk అని కొట్టాడు. ఆ మర్నాడు మళ్ళీ sdi. స్పీచ్ థెరపిస్టు తల అడ్డంగా ఊపింది.

"మాట పోయినవాళ్ళ చెయ్యి ఒక్కోసారి అలవాటుకొద్దీ ఏవో అక్షరాలు రాస్తుంది. అర్థం ఉండదు. ఇంట్లోవాళ్ళకి చెప్పి ఆశ పెట్టకు."

ఆవిడ మాట కాదనడానికి నాకేం తెలుసు? కానీ ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా చెల్లికి మెసేజ్ కొడుతుంటే నా వేళ్ళ కేసే చూసుకున్నాను. "తిన్నావా" అనడానికి నేను కొట్టింది tnnva. అది "ha. nv?" అంది. మేమిద్దరం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకుంటాం. అందులో అచ్చులు సగం తినేస్తాం. ఆ tnnva ని పట్టుకెళ్ళి ఏ యాప్‌లో వేసినా, ఏ డాక్టరుకి చూపించినా, దీనికి మతి పోయిందనే అంటారు.

మర్నాడు ఆయన మళ్ళీ రాసినప్పుడు ఆయన్నే అడిగాను, ఫొటో తీసి మీ అమ్మాయికి పంపనా అని. అడ్డు చెప్పలేదు. పంపాను. "ఇవి మీకేమన్నా అర్థమవుతున్నాయా?" అని కింద రాశాను.

చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఫోనే చేసింది. ఏడుస్తోందని మొదట తెలియలేదు, దగ్గుతోందనుకున్నాను.

"ఇవి ఉత్త అక్షరాలు కావు. ఆయన మాట్లాడుతున్నారు. sdi అంటే నాకు తెలీదు అని. మీరేమన్నా అడిగారా?"

"ఏ వారం అని అడిగాం."

"అదే, తెలీదని చెప్పారు. nk అంటే కాదు, లేదు. ఆ పొట్టి రాతలు నేనే నేర్పాను. ఆయన వేళ్ళు లావు, రెంచీలు పట్టిన వేళ్ళు, ఒక్క మాట కొట్టడానికి యుగం పట్టేది. నేను కాలేజీలో ఉన్నప్పుడు, అచ్చులొదిలెయ్ నాన్నా, నాకు అర్థమవుతుందిలే అన్నాను. అప్పటినుంచీ అలాగే."

కాసేపాగి ఇంకో మాట చెప్పింది. స్ట్రోకు వచ్చిన కొన్ని రోజుల తర్వాత నుంచీ, రోజూ పగటిపూట ఆమె ఫోన్లో నాన్న పేరు కింద "టైప్ చేస్తున్నారు" అని కనపడేదట. కాసేపు కనపడి మాయమయ్యేది. మెసేజ్ మాత్రం వచ్చేది కాదు. ఎవరో నర్సు ఫోన్ తుడుస్తుంటే వేలు తగులుతోందేమో అనుకుందట. పంపించే బొత్తం ఎక్కడుందో ఆయన మరిచిపోయాడని అప్పుడు ఎవరికి తెలుసు?

నేను వెంటనే ఆయన మంచం దగ్గరికి వెళ్ళాను. ఆయన వేలు పట్టుకుని ఆ ఆకుపచ్చ బాణం మీద పెట్టి నొక్కించాను. ఆ రోజు ఆయన కూతురికి పంపిన మొదటి మాట zmr. అది వాళ్ళ భాషలో గుండె అట. ముద్దుగా పిల్లల్నీ పెళ్ళాన్నీ పిలవడానికి వాడతారట, మనం బంగారం అన్నట్టు. పక్క మంచం అన్న తుంటికి కట్టుతో కదల్లేక, మెడ మాత్రం చాచి చూస్తున్నాడు.

"పోయిందా మేడం మెసేజ్?"

"పోయింది అన్నా."

"ఇగ సారు మాట్లాడుతడు," అన్నాడు. తనే ఏదో సాధించినట్టు దిండు మీద వాలాడు.

తర్వాతి కొద్ది వారాలు కూతురే మాకు పంతులమ్మ. ckm అంటే "చ్‌కెమీ", ఏం సంగతి అని పలకరింపు. flm అంటే "ఫలెమిందెరిత్", థాంక్స్. ska అంటే లేదు, ఏమీ లేదు. వాళ్ళ భాషలో పైన రెండు చుక్కలున్న e ఒకటుందిట, నోట్లో సగమే పలుకుతుంది, టైప్ చేసేటప్పుడు ముందు ఎగిరిపోయేది అదేనట. జగిత్యాల అన్న ఆ పలకరింపు పట్టేసుకున్నాడు. పొద్దున్నే లేస్తూనే "చ్‌కెమీ సార్! అంతా మాఫీ ముష్కిలా?" అనేవాడు, ఇబ్బందేం లేదు కదా అని గల్ఫ్ అరబీ కలిపి. ఆయన నోటి ఎడమ పక్క కొంచెం పైకి లేచేది. ఒకసారి చక్రాల కుర్చీ బ్రేకు వదలక ఆయన ఫోన్లో టకటకా ఏదో కొడితే ఫొటో తీసి పంపాను. కూతురు చాలాసేపు నవ్వే బొమ్మలే పంపింది. "అది అనువాదం చెయ్యను. ఆ కుర్చీ తల్లిని తిడుతున్నారు" అంది.

స్పీచ్ థెరపిస్టు మాత్రం తొందరపడలేదు. పరీక్ష చేసింది. జవాబు మాకు ముందే తెలిసిన ప్రశ్నలు కూతురి దగ్గర తీసుకుని ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగింది. మీ అమ్మాయికి పెళ్ళయిందా? nk. బయట వాన పడుతోందా? ska. రెండూ సరే. మీ ఆవిడ పేరేంటి? ఆయన బొటనవేలు తెర మీద గాలిలో ఆగిపోయింది. అటు వెళ్ళి ఇటు వచ్చింది. ఫోన్ ఒళ్ళో పెట్టేసుకుని కళ్ళు మూసుకున్నాడు. పేర్లు ఏవీ రాలేదు. భార్యదీ రాలేదు, కూతురిదీ రాలేదు, ఊరిదీ రాలేదు.

"నా పేరు రాశారా?" అని కూతురు దాదాపు రోజూ అడిగేది. రాయలేదని చెప్పడానికి నాకు నోరు వచ్చేది కాదు. "zmr అని రాశారు" అనేదాన్ని. "అది అందర్నీ అంటారు" అనేది.

ఇక్కడే నాకు ఇబ్బంది మొదలైంది. ఆయన ska అని రాస్తే ఒక్కోసారి అది జవాబు, ఒక్కోసారి ఉత్త చేతి అలవాటు. అన్నం ఉందా అంటే ska, ముందు ప్లేటు నిండా ఉంది. కూతురు మాత్రం ప్రతి ముక్కలోనూ ఒక వాక్యం చదివేది. "అన్నం లేదని కాదు, ఆకలి లేదని అంటున్నారు" అనేది. స్పీచ్ థెరపిస్టు ఏమో, "ఆ అమ్మాయి తనే రెండు పక్కలా మాట్లాడుకుంటోంది, ఆయన కాదు" అనేది. ఇద్దరూ నన్నే అడిగేవాళ్ళు, నీకేమనిపిస్తోంది అని. నాకు పూటకొకలా అనిపించేది.

ఈలోగా ఆయన వ్యాయామానికి ఎదురుతిరగడం మొదలుపెట్టాడు. అంతకుముందు రెండు కడ్డీల మధ్య నిలబడేవాడు, నేను మోకాలు పట్టుకుంటే ఒక అడుగు వేసేవాడు. ఉన్నట్టుండి మొండికేశాడు. నేను కుడికాలు ఎత్తబోతే mos అని కొట్టి చూపించేవాడు. వద్దు అని. ఎడంచేత్తో కుడితొడ మీద దబదబా కొట్టుకునేవాడు. పనికిరాని కాలి మీద కోపం అనుకున్నాం. మా వార్డులో అలాంటి కోపం రోజూ చూస్తాం. వారం వారం జరిగే మీటింగులో డాక్టరు, "సహకరించడం లేదు, డిప్రెషన్ కావచ్చు" అన్నాడు. ఇలాగే ఉంటే ఈ మంచం ఇంకొకరికి ఇచ్చి ఆయన్ని దీర్ఘకాలం ఉండే బ్లాకుకి మార్చాలి అన్నాడు. ఆ బ్లాకుకి వెళ్ళినవాళ్ళని నడిపించడానికి ఎవరూ రారు. పక్క తిప్పుతారు, శుభ్రం చేస్తారు, అంతే.

ఆ మీటింగు అయిన మర్నాడు పొద్దున నేను మాటల్లో పెట్టి ఎలాగైనా నిలబెట్టాలనే వెళ్ళాను. ఆయన నన్ను చూడగానే ఫోన్ తీశాడు. అప్పటికే రాసి పెట్టుకున్నట్టున్నాడు. m dhm kmb.

ఇది కొత్తది. కూతురు చెప్పిన మాటలతో స్పీచ్ థెరపిస్టు చేసిన కొత్త అట్ట మీద లేదు. యాప్‌లో లేదు. ఫొటో తీసి కూతురికి పంపాను. ఆ వేళప్పుడు ఆమె షాపులో ఉంటుంది, మధ్యాహ్నం దాకా ఫోన్ చూడదు. నేను కాలు దగ్గరికి చెయ్యి పోనిచ్చాను. ఆయన నా మణికట్టు పట్టేసుకున్నాడు. గట్టిగా. mos అని కొట్టలేదు, పట్టుకున్నాడు.

పక్క మంచం అన్న అన్నాడు, "మేడం, ఇయ్యాల వదిలెయ్యరాదుండ్రి. రాత్రంత మూల్గిండు. నాకు నిద్ర లేదు, ఆయనకు లేదు."

"మూలిగారా? నర్సుకి చెప్పలేదా?"

"చెప్పిన. సిస్టరమ్మ మందు ఇచ్చింది. జర సేపు పన్నడు, మల్ల షురూ."

ఆ పూట కాలు ముట్టుకోలేదు. ఎడమచేతి వ్యాయామాలు మాత్రం చేయించి బయటికొచ్చాను. వరండాలో ఫోన్ పట్టుకునే ఉన్నాను. ఇంకో పేషెంటుతో ఉండగా మోగింది. కూతురు షాపు వెనకాల నుంచి మాట్లాడుతోంది, వెనక ఎవరో ఆమెని పిలుస్తున్నారు.

"కాలు నొప్పి. మ్ ధెంబ్ కెంబ. నా కాలు నొప్పెడుతోంది అంటున్నారు. ఏ కాలు?"

నేను పరిగెత్తుకెళ్ళాను. దుప్పటి తీసి రెండు పిక్కలూ పక్కపక్కన చూశాను. పొద్దున నన్ను చూడనివ్వలేదు. కుడి పిక్క ఎడమదానికన్నా లావుగా ఉంది, బిగిసి ఉంది. వేలి వెనక పక్కతో ముట్టుకుంటే వెచ్చగా తగిలింది. టేపు పెట్టి కొలిచి డాక్టరుకి ఫోన్ చేశాను. ఆయన వచ్చి చూసి అప్పటికప్పుడు స్కాన్‌కి పంపించాడు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టింది. పిక్కలో మొదలై మోకాలి పైదాకా పాకింది. అది కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మనిషి దక్కడు. అలాంటి కాలిని పట్టుకుని మేం రోజూ నిలబడు, అడుగెయ్యి అంటున్నాం.

రక్తం పలచబడే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కొన్నాళ్ళు మంచం దిగనివ్వలేదు. బ్లాకు మార్చే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. డాక్టరు ఫైలులో తను రాసిన వాక్యం తనే కొట్టేయడం నేను చూశాను. స్పీచ్ థెరపిస్టు ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని చాలాసేపు ఊరికే కూర్చుంది.

ఆ వారమంతా కూతురు నన్ను ఒకటే అడిగింది. "ఎన్నాళ్ళ నుంచి నొప్పి? వద్దు, వద్దు అన్న రోజులన్నీ నొప్పేనా? మొదట్లో టైప్ చేస్తున్నారని కనపడేదే, అప్పటినుంచీనా?" అంతకుముందు ఆయన రాసి చెరిపేసుకున్నవన్నీ ఎవరూ చూడలేదు. నేను చెప్పగలిగింది చెప్పాను. గడ్డ అంత పాతది కాదని డాక్టరు అన్నాడని చెప్పాను. ఆమె నమ్మినట్టు లేదు.

నొప్పి తగ్గాక ఆయన మళ్ళీ కడ్డీల మధ్యకి వచ్చాడు. అడుగులు పడ్డాయి. తలుపు దాకా, తర్వాత వరండా దాకా. ఆ వరండా చివర కిటికీలోంచి చూస్తే క్రేన్లు కనపడేవి. అక్కడ ఆగి చూసేవాడు. నేనూ ఆగేదాన్ని. ఎండకి అద్దం కాలిపోతుండేది.

అప్పటికి ఆయన రాసే మాట ఒకటే అయింది. shpi. ఇల్లు. పొద్దున shpi, మధ్యాహ్నం shpi. ప్రత్యేక విమానాలు మొదలయ్యాక ఆయన కంపెనీ ఒక నర్సుని తోడిచ్చి పంపించింది. వెళ్ళే రోజు జగిత్యాల అన్న వాకర్ పట్టుకుని లిఫ్టు దాకా వచ్చాడు. ఆయన ఎడంచెయ్యి పట్టుకుని, "పైలం సార్. ఇంటికి పోతున్నవు, ఏడ్వద్దు" అన్నాడు. ఆయన ఏడుస్తూనే ఉన్నాడు. కొన్నాళ్ళకి ఈ అన్నని కూడా కంపెనీ ఇంటికి పంపేసింది, ఒక కాలు పొట్టిగా. ఇప్పటికీ వాయిస్ మెసేజ్ పెడతాడు. ఊళ్ళో అందరూ, దుబాయ్‌ల కాలు పోగొట్టుకొచ్చిండు అంటున్నరట. అది దుబాయ్ కాదురా అంటే ఎవరూ వినరట.

ఇంటికి చేరాక ఆయన బాగుపడతాడనే అనుకున్నాను. మొదటి కబురు బాగానే వచ్చింది. కర్ర పట్టుకుని బాల్కనీ దాకా నడుస్తున్నాడు. తర్వాత కూతురి మెసేజులు తగ్గుతూ వచ్చాయి. ఏమైందని అడిగితే, "అమ్మ ఫోన్ తీసేసుకుంది" అని రాసింది. వాళ్ళమ్మకి మెసేజులు రాయడం రాదు, ఇష్టమూ లేదు. మొగుడు పక్కనే కూర్చుని ఫోన్లో కూతురికి ఏవో ముక్కలు పంపుతుంటే ఆవిడ తట్టుకోలేకపోయింది. నోరుంది కదా, నాతో మాట్లాడు అంది. అక్కడి డాక్టరు కూడా, నోటితో ప్రయత్నించనివ్వండి అన్నాడట. ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేసింది. తల్లీకూతుళ్ళు పెద్ద గొడవ పడ్డారు. కూతురు ఇల్లు వదిలి స్నేహితురాలి గదికి మారిపోయింది. ఆయన నోటితో అవును, కాదు అనే రెండు మాటలు నేర్చుకున్నాడు. ఇంకో ఏడాదికి రెండోసారి స్ట్రోకు వచ్చి పోయాడు.

వరల్డ్ కప్ మొదలవడానికి కొన్ని వారాల ముందు ఆ అమ్మాయి దోహా వచ్చింది. నాన్న కట్టిన కప్పు చూడాలంది. మేం మనిషిని మనిషిగా కలవడం అదే మొదలు. ఎయిర్‌పోర్టులో గుర్తుపట్టి కౌగలించుకుంది. కారెక్కాం. ఫోన్లో గంటలు గంటలు రాసుకున్నవాళ్ళం, ఎండ గురించీ ట్రాఫిక్ గురించీ మాట్లాడుకున్నాం. రోడ్లన్నీ జెండాలు, కొత్త పూల మొక్కలు.

స్టేడియం దగ్గర బారికేడ్లు పెట్టారు. కాపలా అబ్బాయి మర్యాదగానే ఆపాడు. అక్కణ్ణుంచే ఆమె తలెత్తి చూసింది. తెల్లటి కప్పు, కింద ఉక్కు దూలాలు.

"ఇందులో ఆయన చేసింది ఏది?"

కాపలా అబ్బాయిని అడిగితే అతను భుజాలెగరేశాడు, అతను వచ్చే నాటికే అంతా అయిపోయింది. వెనక కార్లు హారన్ కొడుతున్నాయి. యల్లా యల్లా అని చెయ్యి ఊపాడు. బయల్దేరాం.

దారిలో టీ కొట్టు దగ్గర ఆపి కరక్ చాయ్ తెచ్చాను. కారులోనే కూర్చున్నాం. కప్పు రెండు చేతులతో పట్టుకుని అప్పుడడిగింది, అసలు ఎందుకు వచ్చిందో.

"మా అమ్మ అంటుంది, ఫోన్ ఉండబట్టే ఆయన నోరు తెరవలేదు, మొదట్నుంచీ నువ్వే చెడగొట్టావు అని. ఆయన ఇంటికొచ్చిన ఏడాది సగం నాతో మాట్లాడలేదు. అంత్యక్రియల్లో కూడా పక్కన నిలబడలేదు. మీరు వైద్యం తెలిసినవాళ్ళు. నిజం చెప్పండి. మొదట్లోనే ఫోన్ లాగేసుకుని ఉంటే ఆయన మాట్లాడేవారా?"

ఆమెను ఊరడించే జవాబు నా నోటిదాకా వచ్చింది కానీ అది నిజమో కాదో నాకు తెలియదు. మాట ఎవరికి ఎందుకు తిరిగొస్తుందో, ఎవరికి రాదో పెద్ద డాక్టర్లకే అంతుపట్టదు. అదే చెప్పాను.

"ఒకటి మాత్రం చెప్పగలను," అన్నాను. "కాలు నొప్పి అని ఆయన ఆ రోజు రాయకపోతే, మీరది చదవకపోతే, మర్నాడు నేను ఆయన్ని లేపి నిలబెట్టేదాన్ని. ఆ గడ్డ కదిలేది. ఆయన బహుశా ఇక్కడే పోయేవారు. మీ అమ్మగారు ఆయన్ని మళ్ళీ చూసేవారు కాదు."

ఆమె కప్పు డాష్‌బోర్డు మీద పెట్టింది. "అమ్మకి అది తెలీదు. కాలు సంగతి నేనెప్పుడూ చెప్పలేదు. అప్పుడు భయపడుతుందని చెప్పలేదు, తర్వాత కుదరలేదు." ఫోన్ తీసింది. "మీరు చెప్తారా?"

కాల్ కలిసింది. వాళ్ళమ్మ గొంతు బొంగురుగా, జాగ్రత్తగా ఉంది. నేను ఇంగ్లీషులో ఒక్కో వాక్యం చెప్పాను, కూతురు వాళ్ళ భాషలో చెప్పింది. పిక్క వాపు, స్కాన్, ఇంజెక్షన్లు. ఏదీ పెంచలేదు, ఏదీ దాచలేదు. లైను కట్టయిందేమోనని కూతురు తెర చూసుకుంది. అప్పుడు ఆవిడ చిన్నగా ఏదో అడిగింది.

కూతురు నావైపు తిరిగింది. "బాగా నొప్పెట్టిందా ఆయనకి, అని అడుగుతోంది."

"పెట్టింది," అన్నాను. "కొన్ని రోజులు. తర్వాత తగ్గింది. తగ్గాక వరండా అంతా నడిచారు."

కూతురు చెప్పింది. ఆవిడ మళ్ళీ మాట్లాడింది. ఈసారి గొంతు మారింది, మామూలు ఇంటి గొంతు. ఇద్దరూ నాలుగైదు మాటలు అటూ ఇటూ అనుకున్నారు. ఫోన్ పెట్టేశాక నేను అడగకుండానే ఆ అమ్మాయి మొహం తుడుచుకుంటూ చెప్పింది, "నా ఫ్లైట్ ఎప్పుడు దిగుతుంది అని అమ్మ అడిగింది, అన్నం పెట్టి ఉంచుతుందట."